చేప డీఎన్‌ఏలో కరెంటు కనిపెట్టాను

మొన్న మా కాలేజీకి పేరు తేబోయి నా పరువు పోగొట్టుకున్నాను. ఎలాగో వినండి.

నెల్లూరులో డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. డీఎన్‌ఏ మెలితిరిగిన నిచ్చెనలా ఉంటుంది కదా, దాని మెట్ల మీదుగా ఎలక్ట్రిక్ చార్జ్ గెంతుకుంటూ పోతుందని చదివాను. అది నా చేత్తో కొలవాలని కోరిక పుట్టింది. చేప డీఎన్‌ఏ పొడి తెప్పించి, ఉప్పునీళ్లలో కరిగించి, గాజుపలక మీద రెండు తీగల మధ్య ఒక చుక్క వేసి ఆరబెట్టాను. మీటర్ తగిలిస్తే ముల్లు లేచింది! వారం రోజులూ లేస్తూనే ఉంది. నిజానికి చార్జ్ అలా పోయేది కంటికి ఆననంత దూరమే. నా తీగల మధ్య గోరంత ఎడముంది. ఆ సంగతి గుర్తొచ్చినా పక్కకి నెట్టేశాను.

ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. ఆయన ఒక పెద్ద ప్రొఫెసరమ్మనీ, పేపర్ విలేకరినీ పిలిచేశారు. సెమినార్ హాల్లో పొద్దుటి నుంచే ఏసీ వేయించారు. అందరూ కూర్చున్నాక మీటర్ ఆన్ చేశాను. ముల్లు చచ్చినట్టు పడుకుంది. తీగలు మార్చాను, బ్యాటరీ మార్చాను. లాభం లేదు.

మా ల్యాబ్ అటెండర్ మస్తాన్ అన్న మెల్లిగా, మన ల్యాబ్‌కే తీసుకుపోదాం మేడం, అక్కడ బాగా వచ్చింది గదా అన్నాడు. పోయాం. అక్కడ గాలిని పొడిగా చేసే ఏసీ లేదు, కిటికీలన్నీ తెరిచే ఉంటాయి. తుంపర పడుతోంది, సముద్రం వైపు నుంచి తడిగాలి. పది నిమిషాల్లో ముల్లు లేచింది. చప్పట్లు కొట్టారు.

ప్రొఫెసరమ్మ మాత్రం నెమ్మదిగా అడిగింది.

"డీఎన్‌ఏ లేకుండా ఉత్త ఉప్పునీళ్ల చుక్క ఆరబెట్టి చూశావా అమ్మా?"

చూశానని అనేయొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. లేదండీ అన్నాను. అక్కడే ఇంకో పలక మీద ఉత్త ఉప్పునీళ్లు ఆరబెట్టి కొలిచాం. ముల్లు ఇంకాస్త ఎక్కువే లేచింది. అప్పటికే ప్రిన్సిపాల్ గారు విలేకరిని టిఫిన్‌కి పిలుచుకుపోయారు.

ముత్తుకూరులో ఇంటికొచ్చి మా అమ్మకి నిచ్చెన దగ్గర్నుంచి అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నది.

"ఉప్పుకి చెమ్మ తగిలిందన్నమాట. మూత పెట్టుకోవాల్సింది గదే."

రిపోర్టులో ముగింపు కింద అదే రాశాను. కాకపోతే ఇంగ్లీషులో, రెండు పేజీలు.