తింటివా అప్పా?

రాసుకో నాయినా. కర్నూలు పక్క డ్యాం గేటు కాడ నాకు టిఫిన్ బండి ఉండె గదా, ఆడ కాపలా పోలీసోళ్ళకు ట్రైనింగు ఎట్లుండాదో చూసేదానికి ఒక పెద్ద సారు వచ్చె. ఎవురు సెల్యూట్ కొట్టినా ఆయప్ప ముందు అడిగేది ఒకటే, "తింటివా అప్పా?"

ఆ పొద్దు ఎండకు తాళలేక కాపలా పోలీసొకడు గోడకు ఆనుకోని కూలబడె. వాళ్ళ ఇన్‌స్పెక్టరు ఉరికొచ్చి, "డ్యూటీలో నిద్రపోతాండాడు సార్, సస్పెండ్ చేస్తా" అనె.

సారు పోలీసు ముందర కూచోని అడిగె, "తింటివా అప్పా?"

"లేదు సార్. పొద్దున్నుంచి నా బదులు నిలబడేదానికి ఎవురూ రాలే."

సారు లేసి ఇన్‌స్పెక్టరు పక్క తిరిగె. "ఈయప్ప తినొచ్చేదాకా ఈడ నువ్వు నిలబడు. ట్రైనింగు ఎవురికి కావల్లో తర్వాత రిపోర్టులో రాస్తా" అని, తనూ ఆ ఎండలోనే పక్కన నిలబడె.

నేను ఉగ్గాని, బజ్జీ పెడితే ఆ పోలీసు ప్లేటు పట్టుకోని నా పక్క చూసె. "నా ఉద్యోగం పోతాదా అక్కా?" అనె.

"ముందు తినప్పా. మీ ఇన్‌స్పెక్టరు యాడికీ పోడులే" అంటి.

ఎండలోనించి సారు నవ్వె. "ఉద్యోగం గూడా యాడికీ పోదు. ఇంగో ప్లేటు పెట్టమ్మా, నిదానంగా తిననీ!"