కుంగిన చేను, కడియం మొక్కలు

నేను చెప్పే మాటల్లో సగం కోసేసి నమ్మాలని మా కడియంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మా నర్సరీలో పూసిన గులాబీ వాసనకి రాజమండ్రి వంతెన మీద రైలు ఆగిపోయిందని చెప్పింది నేనే. ఈ కథ మాత్రం కోయకండి.

తొంభైల చివర్లో మాకు ఒక ఆర్డరు వచ్చింది. గోదావరికి ఎగువన, లారీలో ఒక పూట ప్రయాణం దూరంలో ఉన్న భూగర్భ బొగ్గుగని వాళ్ళది. కింద బొగ్గు తీసేస్తే పైన నేల కుంగి బీటలిస్తుంది. గని కోసం కౌలుకి తీసుకున్న పొలాన్ని బాగుచేసి తిరిగి ఇవ్వాలని షరతు. ముందు బీటల్లో బంకమట్టి కూరాలి, తర్వాత చదును చేయాలి, ఆఖర్న మొక్కలు నాటాలి. ఆ ఆఖరి పని నాది. వేప, కానుగ, నీలగిరి మొక్కలు నింపుకుని లారీతో పాటు నేనూ వెళ్ళాను.

చేను మధ్యలో పళ్ళెంలా కుంగి ఉంది. గట్టు మీద ఒకావిడ కూర్చుని ఉంది. ఆ చేను ఆవిడదే. ఎప్పుడు తిరిగి ఇస్తారా, ఎప్పుడు దున్నుకుందామా అని రోజూ వచ్చి చూసిపోతుందట.

మాది డెల్టా. మా దగ్గర పోసిన నీళ్ళు నిలుస్తాయి, వాటిని బయటికి పంపడమే మా బాధ. అదే లెక్కన మొదటి వరస నాటించి, పాదులు తీయించి, నీళ్ళు పోయించాను. గుటుక్కున లోపలికి పోయాయి. మళ్ళీ పోయించాను. అవీ పోయాయి. నేల భలే పీలుస్తోంది, మొక్కలు నెలలో నా ఎత్తు పెరుగుతాయని కూలీలతో గొప్పలు చెబుతుంటే గట్టు మీదావిడ పకపకా నవ్వింది.

"ఓ మొక్కలాయనా, ఇంకెంత పోస్తవ్? కింద పనిచేసేటోళ్ళు గొడుగులు తెచ్చుకోవాలె."

అంత మంచి మాట నాకు తట్టనందుకు కాస్త అసూయపడ్డాను. ఆవిడే వచ్చి ఎక్కడ తవ్వాలో చూపించింది. గునపంతో గీకితే పైన నాలుగు వేళ్ళ మందం మట్టి, దాని కింద ఎండుకంప, కంప కింద చీకటి. గునపం నిలువునా దిగిపోయింది. బంకమట్టి ఆనవాలు కూడా లేదు. పోయిన వానల్లో ఆవిడ దూడ అక్కడే కాలు విరగ్గొట్టుకుందట.

తిన్నగా గని ఆఫీసుకి వెళ్ళాను. పర్యావరణం పనులు చూసే ఆఫీసరు మర్యాదస్తుడు. టీ ఇప్పించి, సంగతి దాచకుండా చెప్పాడు. ఎల్లుండి హైదరాబాదు నుంచి తనిఖీకి వస్తున్నారు. అప్పటికి మొక్కలు నిటారుగా నిలబడి ఉంటే చాలు. బీటలు పూడ్చిన నేలలోనే నాటానని నేను సంతకం పెడితే షరతు తీరిపోతుంది. చేను ఎలా ఉందో అలాగే ఆవిడ చేతిలో పెట్టేస్తారు. వచ్చే ఏడు మొక్కలన్నీ నా దగ్గరే కొంటామని కూడా అన్నాడు.

నేను టీ గ్లాసు పక్కన పెట్టేసరికి నవ్వాడు. "కడియం గారూ, మీరు కథలు బాగా చెబుతారని మీ డ్రైవరు చెప్పాడండి. ఈ ఒక్క ముక్క రాయడానికేంటండి?"

నాకు ఒళ్ళు మండింది. "నా కథలు విన్నవాళ్ళకి ఎవరికీ కాళ్ళు విరగలేదండి. ఇది రాయను."

అయితే మొక్కలు ఎక్కించుకుని వెళ్ళిపొమ్మన్నాడు. మొక్కలూ ఎక్కించలేదు, నేనూ వెళ్ళలేదు. రెండు రోజులు లారీలోనే తిని, లారీలోనే పడుకున్నాను.

తనిఖీ అధికారి వచ్చాడు. గని ఆఫీసరు దూరం నుంచి మొక్కల వరస చూపించి జీపు తిప్పించబోతుంటే నేను నీళ్ళ టాంకరు గొట్టం పట్టుకుని ఎదురెళ్ళాను. మొక్కలు వాడిపోతున్నాయి, కాసిని నీళ్ళు పోస్తాను, చూసి వెళ్ళండి అన్నాను. మొక్కకి నీళ్ళు వద్దని ఎవరంటారు? గొట్టం పాదులో పెట్టాను. టాంకరు ఖాళీ అయింది. మొక్క చుట్టూ జానెడు నేల తడిసింది, అంతే.

"నీళ్ళన్నీ ఎటు పోయాయి?" అని అడిగాడు అధికారి.

ఆఫీసరు నా వంక చూశాడు. నా నోటి నుంచి మంచి కథ ఒకటి రావాలని అంతగా కోరుకున్న మనిషిని మళ్ళీ చూడలేదు. నాకు పది కథలు తట్టాయి కూడా.

"బీటలోకండి. పూడ్చలేదు" అన్నాను.

అధికారి గునపం తానే అందుకుని మూడు చోట్ల పొడిచి చూసి, కాగితం మీద చాలాసేపు రాసుకున్నాడు. గని వాళ్ళు మళ్ళీ నా గడప తొక్కలేదు. తొక్కకపోతే పోయారు.

చూడకుండా ఉండలేక, తొలకరికి ముందు బస్సెక్కి వెళ్ళాను. చేనంతా బీటల్లో బంకమట్టి కూరి, దిమ్మిసతో కొట్టి, పైన మెత్తటి మట్టి పరిచారు. నా మొక్కల్లో బతికినవి చేను అంచున వరసగా నాటి ఉన్నాయి. ఆవిడ మెచ్చుకుంటుందని దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నా చేతిలో పార పెట్టింది.

"నేను జొన్న వేస్త. నీ మొక్కలు తీసెయ్."

కానుగ గొప్పతనం చెప్పాను. వేపగాలికి నూరేళ్ళు బతికిన మా తాత గురించి చెప్పాను. నిజానికి ఆయన నా పుట్టుకకి ముందే పోయాడు.

"నా చేన్ల ఏముండాల్నో నువ్వు చెప్తవా?"

పార పట్టుకుని వంగాను. ఒక్కొక్కటే మట్టిగడ్డతో సహా పెళ్ళగిస్తూ వచ్చాను. చివరికి ఒక్క వేప మిగిలింది. దాన్ని గట్టు మీదైనా ఉంచమని బతిమాలాను. చూద్దామంది.