నోరా వాదన

తడిసిన ఉన్ని కోటు వేడి రేడియేటర్ మీద ఆరేటప్పుడు ఒక వాసన వస్తుంది. కాస్త గొర్రె వాసన, కాస్త పాత బీరువా వాసన. మొన్న మా జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టర్ దగ్గర వెయిటింగ్ రూమ్‌లో ఎవరో పెద్దావిడ తన కోటు అలా ఆరేసుకుంది. ఫోన్ పక్కన పెట్టి, ఆ వాసన పీల్చుకుంటూ కూర్చుండిపోయాను. ఐర్లాండ్‌లో మేం మొదట కాపురమున్న బాలింకాలిగ్‌లో మా పక్కింటి నోరా కోటు కూడా వానాకాలమంతా ఇలాగే ఉండేది.

మేం ఆ ఇంట్లో దిగేనాటికి కార్క్ నగరం చుట్టూ సాఫ్ట్‌వేర్ కంపెనీలు వరసగా తెరుస్తున్నారు. మా ఆయన పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళిపోయేవాడు. పాప పుట్టి నేను సెలవులో ఉన్నాను. రోజంతా ఇంట్లో పాప ఏడుపు, కిటికీ అవతల వాన. ఒకరోజు నోరా తలుపు తట్టి, "పిల్లని వెచ్చగా చుట్టుకుని రా. గురువారం హాల్లో టీ ఉంటుంది, మాట్లాడే మనుషులుంటారు" అంది. డెబ్బై దాటిన మనిషి. బతుకులో సగం బోస్టన్‌లో గడిపి, భర్త పోయాక సొంత ఊరికి తిరిగొచ్చేసింది. "పేరులోనే నోరుంది, ఇక ఊరుకుంటుందా" అనేవాడు మా ఆయన.

చర్చి పక్క హాల్లో ఒక పెద్ద బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళంతా నోరాలాగే అమెరికాలో పనిచేసి, రిటైరై వచ్చినవాళ్ళు. వదిలేసి వచ్చిన దేశంలో వైద్యం ఎలా మారాలన్నదాని మీదే వాళ్ళ కొట్లాటంతా. అక్కడి నాయకులు టీవీలో కొత్త చట్టం మాటెత్తితే చాలు, ఇక్కడ కప్పులు గలగలలాడేవి. నోరాకి ఎదురుగా ఎప్పుడూ డాన్ కూర్చునేవాడు. షికాగోలో ఇళ్ళు కట్టిన మేస్త్రీ. "నా మోకాలు పోతే అక్కడ వారంలో బాగుచేసి పంపారు. ఇక్కడ డాక్టర్ని చూడ్డానికే ఏడాది. బాగున్నదాన్ని చెడగొట్టొద్దు" అనేవాడు.

"నీకు యూనియన్ ఇప్పించిన ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి బాగుచేశారు. లేనివాడి మోకాలు మోకాలు కాదా?" అనేది నోరా.

గొంతులు లేచేవి. నేను పాపని గట్టిగా పట్టుకునేదాన్ని. మా వాళ్ళల్లో ఎవరైనా అలా మాటామాటా అనుకుంటే ఏళ్ళ తరబడి రాకపోకలుండవు. ఇక్కడ కాసేపటికి డాన్ లేచి నోరా కప్పులో టీ పోసి, పాలు ఆమెకి ఎంత కావాలో అంతే కలిపేవాడు.

ఆమెకి అంత కోపం ఎందుకో ఒక మధ్యాహ్నం మా వంటింట్లో అడిగాను. పాపకి అన్నం తినిపిస్తూ చెప్పింది. "మా ఆయన మిక్ ఇళ్ళకి పైకప్పులు వేసేవాడు. అరవై దాటాక పనిలోంచి తీసేశారు. ఉద్యోగంతో పాటే ఇన్సూరెన్సూ పోయింది. నేనేమో హాస్పిటల్ గుమ్మం దగ్గర కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళనీ మీ ఇన్సూరెన్స్ కార్డేది అని అడిగేదాన్ని. కాంట్రాక్టు ఉద్యోగం, నాకే కార్డు లేదు. అరవై ఐదు నిండితే ప్రభుత్వమే మెడికేర్ అని ఇన్సూరెన్స్ ఇస్తుంది. అందాకా లాక్కొద్దామనుకున్నాడు. గుండెలో నొప్పి వస్తోందని నాకు చెప్పనే లేదు." పాప మూతి తుడిచి, కాసేపు ఆ గుడ్డనే మడతలు పెట్టింది. "మెట్లెక్కుతూ మధ్యలో ఆగి బూట్ల లేసులు కట్టుకునేవాడు. నేను నమ్మేశాను."

ఆ తర్వాతి చలికాలానికి నోరా తుంటి కీలు అరిగిపోయింది. కర్ర పట్టుకున్నా మా గేటు దాకా రాలేకపోయేది. ఇక్కడ ఆపరేషన్‌కి ఎప్పుడు పిలుస్తారో ఎవరూ చెప్పలేదు. బోస్టన్‌లో చెల్లెలుంది, ఇప్పుడు మెడికేర్ కూడా ఉంది, అందుకని అక్కడే చేయించుకోవడానికి సిద్ధమైంది. డాన్ గెలిచినట్టు నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. షానన్ ఎయిర్‌పోర్టుకి నేను కారు నడుపుతుంటే, ఆమె పెట్టె మోయడానికి తనూ వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు.

దారిలో ఉండబట్టలేక అడిగాను. "ఇన్నేళ్ళు తిట్టి, మళ్ళీ అక్కడికే వెళ్ళడం మీకు కష్టంగా లేదా?"

"నేనెప్పుడైనా అక్కడి డాక్టర్లని తిట్టానా? వాళ్ళు చెయ్యి తిరిగినవాళ్ళు" అంది. "నా గొడవంతా తలుపు దగ్గరే. నాకు వయసు నిండింది కాబట్టి తెరుస్తారు. మిక్‌కి నిండలేదు. అంతే తేడా."

నేను వైపర్ల వేగం పెంచాను. తర్వాత వెనక నుంచి డాన్, "అరవై ఐదు దాకా ఆగమనడం తప్పే. ఆ ఒక్కటి ఒప్పుకుంటా" అన్నాడు. మిక్ పేరు మాత్రం ఎత్తలేదు. నోరా తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాపింది. అతను ఆ చెయ్యి పట్టుకున్నాడు. నేను రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.

వసంతంలో తన కాళ్ళ మీద తను నడుచుకుంటూ తిరిగొచ్చింది. వచ్చిన గురువారమే, ఇక్కడి ముసలివాళ్ళని ఇంతకాలం పడిగాపులు కాయించడం ఏం న్యాయమని మొదలుపెట్టింది. ఈసారి డాన్ ఆమె పక్షం. ఆ బల్ల దగ్గరే నేనూ మొదటిసారి నోరు విప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు కానీ, వాళ్ళంతా మాటలాపి విన్నారు. అభిప్రాయం ఉంటే మనిషి ముఖం మీదే చెప్పి, ఆ మనిషితోనే కలిసి టీ తాగొచ్చని నాకు నేర్పింది నోరాయే.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. కిందటి ఆదివారం మా కాలనీలో కొత్తగా దిగిన తెలుగబ్బాయి ఫోన్ చేశాడు. "ఆంటీ, మా ఆవిడకి ఒంట్లో బాలేదు. మాకింకా జీపీ ఎవరూ దొరకలేదు. జీపీ చీటీ లేకుండా అసలు హాస్పిటల్‌కి వెళ్ళొచ్చో లేదో..." అని నసుగుతున్నాడు. ఫోన్ ఆ అమ్మాయికిమ్మన్నాను.

"చెప్పమ్మా, ఎక్కడ నొప్పి?" అన్నాను.

ఆ అమ్మాయి ఏడ్చేసింది. ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, కారు తాళాలు తీసుకుని వాళ్ళింటికి బయల్దేరాను.