రాతి ఊళ్లో మరువం దండలు

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే టీ గ్లాసు పట్టుకుని లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఏసీ మెకానిక్‌ని. ఖాళీ గదిలో ఎవరో ఏడుస్తున్నారని నన్ను పిలిచిన ప్రతిచోటా బెల్టు అరిగిందనో, బేరింగు పోయిందనో తేలింది. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నానంటే నాకే నవ్వొస్తోంది.

మాది జగిత్యాల దగ్గర పల్లె. సౌదీలో, ఖమీస్ ముషైత్‌లో ఫోర్‌మన్ అయ్యాక నా భార్య స్వరూపను, కూతురు అమూల్యను తెచ్చుకున్నాను. మూడేళ్లు హాయిగా గడిచాయి. ఆ తర్వాత మాలాంటి పరదేశీల కుటుంబాల మీద లెవీ అని సర్కారు పన్ను వచ్చింది. మనిషికింత అని, ఏటికేడు పెంచుతూ పోయారు. మా బిల్డింగులో ఫ్లాట్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఆఖరికి నేనూ వాళ్లిద్దరినీ ఇంటికి పంపేయడానికి ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టించాను.

ఆ రోజు నుంచి ఎనిమిదేళ్ల అమూల్య నాతో మాట మానేసింది. నేను ఎదురుగా కూర్చున్నా, "ఆకలైతలేదని బాపుకు చెప్పమ్మా" అని తల్లితో కబురు పంపేది. మొదట్లో నవ్వొచ్చింది. పదకొండో రోజుకి ఏడుపొచ్చింది. ఇంకో మూడు రోజుల్లో విమానం. నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండానే ఎక్కేస్తుందేమోనని నా భయం.

శుక్రవారం పొద్దున్నే ఇద్దరినీ కారెక్కించాను. పనుల మీద ఆ కొండలన్నీ తిరిగాను గానీ వాళ్లకు ఎన్నడూ చూపించలేదు. దారిలో పాత కాపలా బురుజుల దగ్గర ఆగాం. రాయి మీద రాయి పేర్చి కట్టారు, ఎక్కడా సిమెంటు లేదు. ఒక పాత కోట గోడ ఎక్కి దిగాం. కోతుల మంద ఒకటి మా అరటిపళ్లన్నీ లాక్కుపోయింది. అమూల్య పకపకా నవ్వి, నేను చూస్తున్నానని గుర్తొచ్చి మూతి బిగించింది.

పదింటికి ఆ రాతి ఊరు చేరాం. జనం కింద కొత్త ఇళ్లకు వెళ్లిపోయి చాలా ఏళ్లయిందట. చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం ఊరిని అలాగే ఉంచారు. గేటు దగ్గర ఆలం అనే బంగ్లాదేశీ కాపలా ఉన్నాడు. పొద్దుటి నుంచి మీదే మొదటి బండి అన్నాడు. ఊళ్లోకి ఆ గేటు తప్ప వేరే దారి లేదు. వెనకంతా లోయ.

ఒక ఇంటి తలుపు తెరిచి ఉంది. లోపల గోడల నిండా ఎరుపు, పసుపు, పచ్చ రంగుల్లో గీతలు, ముక్కోణాలు, చుక్కలు. అక్కడి ఆడవాళ్లు వేసే బొమ్మలవి. స్వరూప గడప దగ్గరే ఆగి చెప్పులు విప్పింది. ఎవరూ లేని కొంపలో చెప్పులెందుకు విప్పడం, రాళ్లు గుచ్చుకుంటాయి అన్నాను.

"ఇల్లంటే ఇల్లే. గోడల నిండ ముగ్గులు పెట్టుకున్నరు, చెప్పులతోని ఎట్ల పోతం?" అంది.

ముగ్గురం విప్పి లోపలికి వెళ్లాం. అందరూ బూట్లతో తిరిగే చోట మేం రాళ్లు గుచ్చుకుంటున్నా వట్టికాళ్లతో తిరిగాం. స్వరూప సంబరానికి అంతులేదు. ఇది మా అమ్మ వేసే ముగ్గే, ఇది మా చిన్నమ్మది అంటూ గోడ పొడవునా వెళ్లింది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆ గదికి అదొక్కటే వెలుతురు. ఎవరొచ్చినా నీడ నా మీదే పడాలి. పడలేదు. పావుగంట తర్వాత బయటికొచ్చాం.

గడప మీద, చెప్పుల పక్కన, దండలు ఉన్నాయి. బంతిపూలు, మధ్య మధ్య మరువం. ఇంకా నీళ్లు కారుతున్నాయి. ఆ కొండల కింది వైపు మగవాళ్లు ఇలాంటివి తలకు చుట్టుకుంటారని విన్నాను. ఒకటి నాకు సరిపోయింది, ఒకటి స్వరూపకు, ఒకటి అమూల్యకు. నాలుగోది మరీ చిన్నది, కొబ్బరికాయకు చుట్టేంత. ఎవరికీ పట్టదు.

అమూల్య దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. తలెత్తి నన్నే చూసింది.

"బాపూ, గిదెవలది?"

నాకు ఇంకేం వినపడలేదు. పిల్లను ఎత్తుకుని అక్కడే గిరగిరా తిప్పాను. ఆ సంతోషంలో పూల సంగతే మర్చిపోయాను.

కాసేపటికి నాలోని మెకానిక్ లేచాడు. స్వరూప పనేమో అనుకున్నాను, తనేమో నా పని అనుకుంది. కానీ మనలా ముడులేసి కట్టలేదు, సూదితో గుచ్చారు. ఊరంతా తిరిగాం, పూలమొక్క ఒక్కటీ లేదు. ఆలంను అడిగితే, "ఇధర్ కోయీ నహీ రహ్తా, భాయ్" అన్నాడు. ఇక్కడ ఎవరూ ఉండరని. దండ వాసన చూశాడు, ముట్టుకోకుండా వెనక్కి జరిగాడు. కోతులు తెచ్చాయనుకుందామంటే, వాటికి సూదీ దారం ఎక్కడివి?

తిరుగుదారి పొడవునా అమూల్య నోరు మూయలేదు. పదకొండు రోజుల మాటలూ కలిపి వసూలు చేసింది. మూడు రోజుల తర్వాత నా మెడ పట్టుకుని ఏడ్చి విమానం ఎక్కింది. చిన్న దండ మాత్రం జామెట్రీ బాక్సులో పెట్టుకుని తీసుకుపోయింది.

మూడు వారాలకు ఇంటి నుంచి ఫోన్. స్వరూపకు నెల తప్పింది. ఆ కొండకు పోయిన రోజు తనకే తెలియదు.

ఇంకొన్ని నెలలకు, సౌదీవాళ్లకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ లెక్కలో మా కంపెనీ ఎరుపులో పడింది, అక్కడ ఉండనిచ్చే నా ఇకామా కార్డు రెన్యూవల్ కాలేదు. అందరూ అయ్యో అన్నారు. నేను మాత్రం పెట్టె సర్దుకుని, కాన్పుకు పది రోజుల ముందు ఇంట్లో వాలాను. మళ్లీ ఆడపిల్లే. బంగారంలాంటి పిల్ల.

తొట్టెలలో వేసిన రోజు అమూల్య జామెట్రీ బాక్సు తెచ్చింది. దండ ఎండి గలగలలాడుతోంది గానీ మరువం వాసన పోలేదు. చెల్లెలి తలకు పెట్టింది. కొలిచి గుచ్చినట్టు సరిపోయింది.

నాకు తెలిసిన కారణాలన్నీ వెతికాను. ఇప్పటికీ దొరకలేదు. ఎవరికైనా ఈ సంగతి చెబుతూ, ఆ రోజు ముగ్గురం పోయినం అని మొదలుపెడతాను. ఎక్కడున్నా అమూల్య వచ్చి దిద్దుతుంది.

"ముగ్గురం కాదు బాపూ, నలుగురం."