గోడ దాటిన లద్దె

ఆ వీధిలో అందరికీ ఆమె మిషనక్క. తెల్లారితే చాలు, ఆమె కుట్టుమిషను చప్పుడు వినబడాల్సిందే. గోడకు అవతల గుర్రబ్బండి తోలే బండాయన ఉండేవాడు. ఇద్దరికీ ఏళ్ళ తరబడి ఉప్పూ నిప్పూ. కారణం గుర్రపు లద్దె. ఆయన దాన్ని గోడ వారనే కుప్ప పోసేవాడు. ఈగలు వచ్చి ఆమె కుడుతున్న తెల్లబట్టల మీద వాలేవి.

"అన్నా, ఆ కంపుకి అన్నం సయించట్లేదు!" అని ఆమె కేకేస్తే, "కిటికీ మూసుకో చెల్లెమ్మా. గుర్రానికి మూత పెట్టలేను కదా" అనేవాడాయన.

కొన్నాళ్ళకు ఆమె చూపు మందగించింది. మిషను తగ్గించమన్నాడు డాక్టరు. చేతులు ఊరుకోవు కదా, పెరడు తవ్వి వంకాయ నారు వేసింది. ఇటుకలా బిగిసిన ఆ నేలలో మొక్కలు వేసినవి వేసినట్టే గిడసబారాయి. గుర్రపు లద్దె వెయ్యమని కూరలమ్మే ఆవిడ చెప్పింది. ఇన్నాళ్ళూ తిట్టిపోసిన దాన్ని ఏ మొహం పెట్టుకుని అడగడం? అయినా సిగ్గు చంపుకుని వెళ్ళింది.

బండాయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "మొత్తం పట్టుకుపో తల్లీ, పుణ్యముంటుంది!"

ఆమె పచ్చి లద్దెనే తెచ్చి మొదళ్ళ చుట్టూ దిట్టంగా వేసింది. వారం తిరక్కుండా మొక్కలన్నీ మాడిపోయాయి.

"తెలిసే ఇచ్చావు కదూ?" అని గోడ మీంచి నిలదీసింది.

"నాకు గుర్రం సంగతి తెలుసుగానీ వంకాయ సంగతి ఏం తెలుసు?" ఆయన మొహం చిన్నబోయింది. ఆ రోజు నుంచి మాటల్లేవు. మిగిలిన లద్దెను ఆమె ఒక మూల పారేసి, పాత గోనె కప్పేసింది.

వానాకాలం వెళ్ళాక ఆ మూల శుభ్రం చేద్దామని గోనె లాగింది. కంపు లేదు. తడిసిన టీపొడిలా నల్లగా, పొడిపొడిగా ఉంది. నిండా వానపాములు. వేళ్ళ మధ్య నలిపి చూసింది. లద్దె మంచిదే, దాన్ని మాగనివ్వకుండా తొందరపడింది తనే.

ఈసారి దాన్ని మట్టిలో కలిపి మళ్ళీ నారు వేసింది. వంగ చెట్లు కాయల బరువుకి వంగాయి. ఆ మాట బండాయనకు చెప్పాలనుకునేది గానీ నోరు పెగిలేది కాదు.

అంతలో ఒకరోజు గోడ అవతల గిట్టల చప్పుడు లేదు. ముసలి గుర్రం నిద్రలోనే పోయింది.

మిషనక్క బుట్టనిండా వంకాయలు కోసుకుని వెళ్ళింది. ఊడవడానికి ఏమీ లేని గుర్రపుశాలను బండాయన ఊడుస్తున్నాడు.

"తప్పు నాదే అన్నా. పచ్చిది వేశాను. మాగాక వేస్తే ఇలా కాశాయి."

ఆయన ఒక కాయ తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "అయితే ఇది నా గుర్రం తిన్న గడ్డే కదా!" అంటూ బావురుమన్నాడు. ఆమె చీపురు అందుకుని గోడకు ఆనించింది.

"గోడ వార ఇంకా కుప్ప ఉంది కదా అన్నా, తిరగెయ్యాలి. నా నడుం సహకరించట్లేదు" అంది.

మర్నాడు ఆయన పార పట్టుకొచ్చాడు.

ఆ కుప్ప అయిపోయాక, ఊరి చివర గుర్రపుస్వారీ నేర్పేచోట లద్దె అడిగి తెస్తానని ఆయనే బయల్దేరాడు. ఇప్పుడు వారం వారం తోపుడుబండి నింపుకొస్తాడు. దాన్ని మాగేసి, అక్కడి గుర్రాల్లో ఏది పెంకిదో, ఏది తనను గుర్తుపట్టిందో చెబుతాడు. మిషనక్క చిక్కుడు పాదు దగ్గర కూర్చుని, అడ్డు చెప్పకుండా వింటుంది.