మా మేనత్త కాగితాల కొలతలు

మొన్న మా మనవరాలు స్నేహితురాలి పెళ్ళికి తన చేత్తోనే ఆల్బమ్ చేసిస్తానని రకరకాల కాగితాలు తెప్పించి హాలంతా పరిచింది. బంగారు చుక్కలవి, పూలవి, నేతగుడ్డలా గరుగ్గా ఉండేవి. "అమ్మమ్మా, పెద్దవి ఉంచుకోనా, చిన్నవా?" అంది. "ముందు ఫోటోలు ఏ సైజో చూసుకో. పోస్టులో పంపేదైతే కవరు చూసుకో. కాగితం సంగతి ఆ తర్వాత" అన్నాను. ముసలిదానికి ఈ విద్య ఎక్కడిదన్నట్టు చూసింది. ఆ మాట నాది కాదు, మా మేనత్తది.

యాభైల చివర్లో, నా పంతొమ్మిదో ఏట, టీచర్ ట్రైనింగుకి బందరు వెళ్ళాను. మాది మొవ్వ దగ్గర పల్లె. హాస్టల్లో చోటు లేదనేసరికి మా నాన్న నన్ను తన చెల్లెలి ఇంట్లో దింపి, మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయాడు. ఆవిడ ఆడపిల్లల బడిలో టీచరు. ఒక గది, వంటకి చిన్న వసారా. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టి ఉండేవి. సాయంత్రాలు గిలకలదిండి రేవు వైపు నుంచి గాలి తిరిగితే ఎండుచేపల వాసన ఇంట్లోకొచ్చి కూర్చునేది. మాకు వచ్చే చుట్టం అదొక్కటే. ఆవిడ మాటలు చాలా పొదుపు. ఇద్దరం కలిసే తినేవాళ్ళం కనక "అన్నం తిన్నావా" అని అడిగే వీలు కూడా ఉండేది కాదు.

ఆవిడ కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలుసు. తనతో పనిచేసే మాస్టారిని చేసుకుంది. ఆయనది దివిసీమలో పొలాలున్న హిందువుల కుటుంబం. మావాళ్ళు సణుక్కుంటూనే చర్చిలో పెళ్ళికి వచ్చారు. మాస్టారి నాన్న మాత్రం గడప తొక్కొద్దని కొడుకుతో చెప్పేశాడు. పెళ్ళయి ఎన్నాళ్ళో కాకుండానే టైఫాయిడ్ వచ్చి ఆయన పోయాడు. అప్పుడూ అటువైపు నుంచి ఎవరూ రాలేదు.

ట్రైనింగులో మా చేత ఆల్బమ్ చేయించేవారు. ఆకులు, ఈకలు, బొమ్మలు అంటించాలి. అందుకని ఇద్దరం ప్రెస్సు పక్కన కాగితాల కొట్టుకి వెళ్ళాం. నేను అన్నిటికన్నా పెద్ద షీట్లు ఎంచుకుంటే అత్త వాటిని పక్కన పెట్టించింది. కాగితాన్ని రెండువైపులా మెల్లగా వంచి చూసి, "ఎటు తేలిగ్గా వంగుతుందో అటే మడత పెట్టాలి. ఎదురు మడిస్తే పగులుతుంది" అంది. డ్రాయింగు షీటు ఎనిమిది ముక్కలు చేస్తే మామూలు కవరులో పడుతుందని, నాలుగు చేస్తే కవరు మనమే చేసుకోవాలని, మెరిసే గ్లేజు కాగితం ఎంత చిన్నముక్కైనా పనికొస్తుంది కనక చిత్తుముక్కలు కూడా అడిగి తెచ్చుకోవాలని చెప్పింది. ఆవిడ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేను వినడం అదే మొదలు. ఇంటికొచ్చాక తన ఆల్బమ్ చూపించింది. అరచేయంత ఉంది. నల్లకాగితం పేజీలు. అందులో ఉన్న ఫోటో ఒక్కటే, పెళ్ళిది. "ఇంత చిన్నదేం అత్తా?" అన్నాను. "పెద్ద పేజీలో ఒక్క ఫోటో పెడితే దిక్కులేనిదానిలా ఉంటుందే" అంది.

డిసెంబరు వచ్చేసరికి క్రిస్మస్ కార్డులు మొదలుపెట్టింది. అన్నీ ఎనిమిదో వంతు ముక్కలే, ఒక్కటి తప్ప. దానికి పెద్దముక్క తీసి, పచ్చ గ్లేజు కాగితంతో చిలకల జంట అతికించి, ఎర్రముక్కులు పెట్టింది. లోపల ఏమీ రాయలేదు. ఎవరికని అడిగితే తన అత్తగారికంది.

"ఆవిడకి చదువు రాదు. అక్షరాలు రాస్తే చదివిపెట్టేది మావగారే. అందుకని బొమ్మే."

"ఎప్పుడైనా జవాబు వచ్చిందా?"

"లేదు. ఇన్నేళ్ళ నుంచీ పంపుతూనే ఉన్నా. వయసు మీదపడుతోంది కదా, చిన్నబొమ్మ కంటికి ఆనుతుందో లేదో. అందుకే ఏటా కొంచెం పెద్దది చేస్తున్నా."

మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం పంచెకట్టుతో ఒకాయన వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. మా అత్త మరిది. "నాన్నగారు పోయారండీ వదినగారూ. నెల దాటింది. అమ్మ మిమ్మల్ని ఒకసారి తీసుకురమ్మంటోందండీ" అన్నాడు, నేల చూపులు చూస్తూ. అత్త లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. "నువ్వూ రా. ఒక్కదాన్నీ వెళ్ళలేను" అంది నాతో.

బస్సు దిగి, కాలువ పడవెక్కి, గట్టు వెంట నడిచి వెళ్ళాం. ముసలావిడ అరుగు మీద మంచంలో కూర్చుని ఉంది. "నేనండీ అత్తయ్యా" అంది మా అత్త. ఆవిడ చెయ్యి చాపి, మా అత్త మణికట్టు పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఎండనపడి వచ్చారు, మజ్జిగ తాగండి. వంటింట్లో ఉంది, తీసుకో అమ్మాయ్" అంది.

వంటింట్లోకి వెళ్ళిన అత్త అక్కడే నిలబడిపోయింది. నేనూ వెళ్ళి చూశాను. పాలచెంబు మీద, మజ్జిగముంత మీద, పెరుగుదాక మీద, అన్నిటిమీదా మూతలుగా ఆవిడ పంపిన కార్డులే ఉన్నాయి. చిలకల రెక్కల మీద పాలచారలు కట్టి ఉన్నాయి. అత్త ఏడుస్తుందేమోనని నాకు భయం వేసింది.

"ఎక్కడ దాచినా మీ మావగారి కళ్ళబడితే చింపేసేవారు" అంది ముసలావిడ అరుగు మీంచి. "ఆయన వంటింట్లోకి రారుగా. మొదట్లోవి చెంబులకి సరిపోయేవి. ఇప్పుడు దాకలక్కూడా చాలుతున్నాయి."

అత్త నవ్వింది. గోడకి ఆనుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ ఇంటివాళ్ళ నోట "మీ మావగారు" అన్న మాట ఆవిడ వినడం అదే మొదటిసారి.

"చిలకలు ఆనాయా అత్తయ్యా?"

"పోయినేటివి రంగు మాత్రం తెలిసింది. మావాడి ఫోటో ఉందా నీ దగ్గర? ఇంట్లో ఒక్కటీ ఉంచనివ్వలేదాయన. పెద్దది చేయించి తీసుకురా, కాస్త చూపుండగానే."

బందరు రాగానే అత్త స్టూడియోకి వెళ్ళింది. అసలు నెగెటివ్ లేదు, ఫోటోకే మళ్ళీ ఫోటో తియ్యాలన్నారు. మొదటిది అలికినట్టు వచ్చింది. రెండోది చేయించేలోపు వానలు పట్టుకున్నాయి, గట్టు తెగి అటువైపు దారి మూసేశారు. కోతలయ్యాక గాని మేం మళ్ళీ వెళ్ళలేకపోయాం. అప్పటికి ఆవిడకి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియడం లేదు.

అయినా ఫోటో ఒళ్ళో పెట్టించుకుంది. అత్త ఆవిడ వేలు పట్టుకుని నుదుటి మీద, ముక్కు మీద, మీసం మీద నడిపించింది. కాగితం అంతటా నునుపే.

"నవ్వుతున్నాడా?"

"లేదండీ. ఫోటోగ్రాఫరు నవ్వొద్దన్నాడు."

"పోనీలే, ఎవరి మాటో ఒకరిది విన్నాడు" అంది ముసలావిడ. వేలు మాత్రం ఆ కాగితం మీంచి తియ్యలేదు.

ఆ తర్వాత సెలవులు వచ్చినప్పుడల్లా అత్త అక్కడికి వెళ్ళొచ్చేది. నాకు గుడివాడలో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. కొన్నాళ్ళకి ముసలావిడ పోయిందని తెలిసింది. ఆ డిసెంబరులో పలకరిద్దామని బందరు వెళ్తే అత్త బల్ల ముందు కూర్చుని కార్డులు చేస్తోంది. అన్నీ ఒకే సైజువి. నేను పక్కన కూర్చుని జిగురు కలిపాను.

ఇన్నేళ్ళ నుంచీ పంపుతున్నా అని ఆవిడ చెప్పినప్పుడు, పంతొమ్మిదేళ్ళ నాకు అవి ఉత్త ఏళ్ళలాగే వినిపించాయి. ఒక్కో ఏడాదిలో ఎన్ని సాయంత్రాలుంటాయో మా ఆయన పోయాక గాని నాకు తెలియలేదు.