ప్యాంటులో గులాబీ కొమ్మ

ఏరో దీవిలో పడవ నడిపి రిటైరైన ప్రెబెన్‌కు గులాబీలకు అంటుకట్టడమంటే ప్రాణం. పెరట్లో అడవి గులాబీ మొక్కలు పెంచి, వాటి బెరడు చీల్చి, అందులో మంచి గులాబీ కొమ్మ నుంచి తీసిన చిగురు కన్ను దూర్చి, భార్య యుట్టె మేజోళ్ల పీలికలతో బిగించి కట్టేవాడు. పాపం, యుట్టెకి కొత్త మేజోళ్లు కూడా మిగిలేవి కావు.

పక్కింటి రాగ్నిల్డ్ గోడ మీద పాకిన పసుపు గులాబీ అంటే అతనికి మహా ఆశ. అడిగితే ఇచ్చేదే. కానీ ఒకసారి బీరు మత్తులో, "అది గులాబీనా? క్యాబేజీ!" అని పదిమందిలో అనేశాడు. ఆ మాట ఆమె చెవిన పడింది. ఇక ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

ఆగస్టులో రాగ్నిల్డ్ పుట్టినరోజుకి వెళ్లినప్పుడు, అందరూ కేకు మీద పడి ఉండగా గోడ దగ్గరికి జారుకున్నాడు. పూలున్న కొమ్మ కోస్తే దొరికిపోతానని, మొదలు దగ్గర నిటారుగా లేచిన కొమ్మ ఒకటి కోసి ప్యాంటులో దోపుకున్నాడు. తిరిగి చూస్తే రాగ్నిల్డ్!

"ఇక్కడేం చేస్తున్నావయ్యా? వచ్చి కూర్చో!"

"నిలబడే ఉంటానండీ. నడుం పట్టేసింది."

"నడుం పట్టేస్తే డాన్సు చెయ్యాలి!" అని అకార్డియన్ వాయించే తమ్ముడికి సైగ చేసి, అతన్ని లాక్కెళ్లింది.

ఆ రోజు ప్రెబెన్ ఎగిరినట్టు ఆ ఊళ్లో ఎవరూ ఎగిరి ఉండరు. ముల్లు గుచ్చుకున్నప్పుడల్లా "హోయ్!" అని కేక. జనం చప్పట్లు కొట్టి, మళ్లీ వాయించమన్నారు.

ఇంటికొచ్చాక యుట్టె ముళ్లు పీకుతూ, "అడిగి తెచ్చుకుంటే ఏం పోయేది?" అంది.

"పరువు," అన్నాడు బోర్లా పడుకుని.

"అదెక్కడుందో నాకు కనబడుతూనే ఉందిలే."

మర్నాడే ఆ కొమ్మ కన్ను తీసి అంటుకట్టాడు. కన్ను అతుక్కుంది. ఆకులు తేడాగా ఉన్నాయని యుట్టె అంటే, చోటు కొత్త కదా అని కొట్టిపారేశాడు. రెండేళ్లకు జూన్‌లో పూసింది. అయిదే రేకులు, పాలిపోయిన గులాబీ రంగు. అచ్చం అడవి గులాబీ! రాగ్నిల్డ్ గులాబీ కూడా అడవి గులాబీ మీద కట్టిన అంటే; అతను కోసింది ఆ అంటు కింద, వేరు నుంచి లేచిన పిలక మరి. అడవి గులాబీకి అడవి గులాబీనే అంటుకట్టాడు.

రాగ్నిల్డ్ కంచె మీదుగా తొంగిచూసింది. "కర్ర పాతి, పేరు రాసి మరీ పెంచుతున్నావేంటయ్యా దీన్ని? నేనైతే మా గోడ దగ్గర లేచినవి ఏటా పీకి పారేస్తా!"

ప్రెబెన్‌కి నవ్వాగలేదు. జరిగిందంతా చెప్పేశాడు.

"అయితే ఆ డాన్సు..."

"డాన్సు కాదండీ, ముళ్లు."

ఆమె కంచె పట్టుకుని కూలబడిపోయి నవ్వింది. ఆ ఆగస్టులో తనే మంచి కొమ్మలు కోసి, తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. ఇద్దరూ కూర్చుని మూడు అంట్లు కట్టారు. రెండు అతుక్కున్నాయి. మూడోదాన్ని యుట్టె పెంచుకునే కుందేలు కొరికేసింది.